తొలి పడవగా పవర్ కేటమరాన్ కొనొచ్చా?

ప్రశ్న: మా ఆయన వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. పిల్లలు స్థిరపడ్డారు. ఇకమీదట ఏడాదిలో నాలుగైదు నెలలు పడవలోనే ఉంటూ తీరం వెంబడి, దగ్గరి దీవుల మధ్య తిరగాలని మా ఆశ. ఇద్దరికీ అనుభవం లేదు. సెలవుల్లో చిన్న మోటారు బోటు అద్దెకు తీసుకుని సరస్సులో తిప్పామంతే. ఈ మధ్య ఒక బోట్ షోలో 44 అడుగుల పవర్ కేటమరాన్, అంటే పక్కపక్కనే రెండు పొడవాటి అడుగుభాగాలున్న మోటారు పడవ చూశాం. లోపల అచ్చం ఇల్లులాగే ఉంది. పడవను ఎటు కావాలంటే అటు కదిపే ఒకే చిన్న కర్ర, జాయ్‌స్టిక్ ఉంది కాబట్టి నడపడం కారు కంటే తేలిక అని అమ్మేవాళ్లు చెప్పారు. మా ఆయనకు తెగ నచ్చేసింది, అడ్వాన్స్ కట్టేద్దామంటున్నారు. నడపడం ఆయన చూసుకుంటారు, తాళ్లు, వంట నా పని అని అనుకున్నాం. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మాలాంటి వాళ్లకు ఇది సరైన పడవేనా? ఎంత సైజు తీసుకోవాలి? కొత్తదా, వాడినదా?

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు అనుకుంటున్న తరహా ప్రయాణానికి పవర్ కేటమరాన్ మంచి ఎంపికే. కానీ అడ్వాన్స్ ఇప్పుడే కట్టొద్దు. మీ టెన్షన్ పిరికితనం కాదు. మీరిద్దరూ పనులు పంచుకున్న తీరు చూస్తే అది రావాల్సిందే.

"నడపడం ఆయన, తాళ్లు నేను" అని రాశారు. చాలా జంటలు ఇలాగే మొదలుపెడతాయి. ఒడ్డుకు రెండు గంటల దూరంలో ఉండగా ఆయనకు ఛాతీలో నొప్పి వచ్చిందనుకోండి, లేదా తడి డెక్ మీద జారి నీళ్లలో పడ్డారనుకోండి. పడవను వెనక్కి తిప్పాల్సిందీ, ఆయన్ను ఎక్కించుకోవాల్సిందీ, రేడియోలో సాయం పిలవాల్సిందీ, రేవుకు చేర్చాల్సిందీ మీరే. అందుకే సైజు విషయంలో నేను చూసే కొలమానం ఒక్కటే. ఇద్దరిలో ధైర్యం తక్కువున్నవాళ్లు, రెండోవాళ్ల సాయం లేకుండా, ఓ మోస్తరు గాలిలో జెట్టీకి కట్టగలిగిన పడవే ఆ జంటకు సరిపోయే పడవ. అది 44 అడుగులదైనా కావచ్చు, 36 అడుగులదైనా కావచ్చు. బోట్ షోలో సోఫా మీద కూర్చుని తేల్చగలిగే విషయం కాదిది.

ఈ రకం పడవలో మేలు ఎక్కడుందో చెబుతాను. నీటిలో తేలే ఆ రెండు అడుగుభాగాలు, అంటే హల్‌లు, ఎడంగా ఉండటం వల్ల లంగరు వేసి ఉన్నప్పుడు పక్కలకు ఊగడం బాగా తక్కువ. నెలల తరబడి అందులో బతకాలంటే ఇది చిన్న సంగతి కాదు. నిద్ర పడుతుంది, పొయ్యి మీద గిన్నె జారదు. నీటిలో మునిగే భాగం తక్కువ కాబట్టి లోతు లేని చోట్లకూ వెళ్లొచ్చు. రెండు ఇంజిన్లలో ఒకటి ఆగిపోయినా రెండోదానితో మెల్లగా ఇంటికి చేరొచ్చు.

అన్నిటికంటే పెద్ద మేలు, ఆ రెండు ప్రొపెల్లర్ల మధ్య నాలుగైదు మీటర్ల దూరం ఉండటం. చుక్కానిని మధ్యలో ఉంచి, ఎడమ ఇంజిన్‌ను ముందుకు, కుడి ఇంజిన్‌ను వెనక్కి వేయండి. థ్రాటిల్ పెంచక్కర్లేదు, ఐడిల్ చాలు. పడవ ఉన్నచోటే కుడివైపుకు తిరుగుతుంది. ఒకే హల్ ఉన్న పడవతో ఇంత నింపాదిగా ఈ పని చేయడానికి చాలా అనుభవం కావాలి. కేటమరాన్ మీద ఒక పూట సాధనతో పట్టు చిక్కుతుంది. జాయ్‌స్టిక్ గురించి అమ్మేవాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ అది ఎలక్ట్రానిక్స్ మీద నడిచే సౌకర్యం. అది మొరాయించిన రోజు మీ చేతిలో మిగిలేవి ఆ రెండు గేర్ లీవర్లే. కాబట్టి ముందు లీవర్లతో నేర్చుకోండి, జాయ్‌స్టిక్ తర్వాత.

కారుతో పోల్చడం మాత్రం నాకు నచ్చలేదు. కారుకు బ్రేకు ఉంటుంది, కింద ఉన్న రోడ్డు కదలదు. పడవ కింద నీళ్లు కదులుతుంటాయి, పైన గాలి తోస్తుంటుంది. పవర్ కేటమరాన్‌కు నీటిపైన ఎత్తు ఎక్కువ, నీటి లోపల లోతు తక్కువ. అంటే గాలికి దొరికే గోడ పెద్దది, నీళ్లలో నిలదొక్కుకునే పట్టు చిన్నది. పక్కగాలి వీస్తుంటే, మీరు లీవర్లు న్యూట్రల్‌లో పెట్టి ఆలోచించుకునేలోపు పడవ పక్క బోటు మీదికి జరిగిపోతుంది. పైగా మేడ మీదున్న స్టీరింగ్ దగ్గర నిలబడితే చాలా మోడళ్లలో అవతలివైపు వెనక మూల కనపడదు. సరిగ్గా జెట్టీకి తగిలేది ఆ మూలే. అమ్మేవాళ్లు పడవ చూపించేటప్పుడు స్టీరింగ్ దగ్గర నిలబడి నాలుగు మూలలూ చూడండి. మీ ఎత్తుకు ఎన్ని కనపడుతున్నాయో, మీవారి ఎత్తుకు ఎన్ని కనపడుతున్నాయో విడివిడిగా రాసుకోండి.

ఇక షోరూమ్‌లో ఎవరూ ఎత్తని విషయానికి వస్తాను. రెండు హల్‌లనూ కలుపుతూ మధ్యలో ఉండే అంతస్తును బ్రిడ్జ్‌డెక్ అంటారు. మీకు ఇల్లులా కనిపించిన హాలు, వంటగది దాని మీదే ఉంటాయి. దాని అడుగుకీ నీటికీ మధ్య ఉండే ఖాళీయే ఈ పడవ సముద్రంలో ఎలా నడుస్తుందో చాలావరకు నిర్ణయిస్తుంది. ఎదురు అలల్లో ముందుకు పోతున్నప్పుడు అల లేచి ఆ అడుగుభాగానికి కొడుతుంది. ఢామ్మని శబ్దం వస్తుంది, పళ్లేలు అదురుతాయి, పాదాల కింద నేల వణుకుతుంది. మొదటిసారి విన్నవాళ్లు పడవ పగిలిందేమో అనుకుంటారు. వేగం తగ్గించినా, అలలకు సూటిగా కాకుండా కాస్త ఏటవాలుగా పోయినా చాలావరకు తగ్గుతుంది. కానీ ఖాళీ మరీ తక్కువున్న పడవలో ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ దెబ్బలు తప్పవు.

ఆ ఖాళీ కాగితం మీద ఉన్నట్టు ఉండదు కూడా. బ్రోచర్‌లో వేసేది చాలాసార్లు ఖాళీ పడవ కొలత. కేటమరాన్ హల్‌లు సన్నగా ఉంటాయి కాబట్టి బరువు ఎక్కిన కొద్దీ త్వరగా దిగుతాయి. ఓ ఉజ్జాయింపు లెక్క చూడండి. నీటి మట్టం దగ్గర ఒక్కో హల్ 12 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు అనుకుందాం. కొసలు సన్నబడతాయి కాబట్టి రెండూ కలిపి నీటి మట్టం దగ్గర వైశాల్యం 27 చదరపు మీటర్లకు అటూఇటూగా తేలుతుంది. అంటే సముద్రపు నీటిలో సుమారు 280 కిలోల బరువు ఎక్కిన ప్రతిసారీ పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది. ఇప్పుడు 1,000 లీటర్ల డీజిల్ పోయించండి, దాదాపు 850 కిలోలు. 700 లీటర్ల నీళ్లు, 700 కిలోలు. వెనక వేలాడే చిన్న బోటు, దాని మోటారు, ఎత్తే యంత్రం కలిపి 350. జనరేటర్, ఏసీలు, అదనపు బ్యాటరీలు, వాషింగ్ మెషిన్, నెలలకు సరిపడా సరుకులు, బట్టలు కలిపి ఇంకో 750. మొత్తం 2,650 కిలోలు. పడవ తొమ్మిదిన్నర సెంటీమీటర్లు దిగింది. ఖాళీ పడవలో 70 సెంటీమీటర్లున్న ఖాళీ ఇప్పుడు 60 దగ్గరికి వచ్చింది. వేగం తగ్గింది, డీజిల్ ఖర్చు పెరిగింది.

అందుకని అమ్మేవాళ్లను అడగాల్సింది "ఎన్ని క్యాబిన్లు" అని కాదు. ట్యాంకులన్నీ నింపి, మీరు ఆర్డర్ చేయబోయే సామాన్లన్నీ ఎక్కించాక బ్రిడ్జ్‌డెక్ కింద ఎంత ఖాళీ ఉంటుంది అని అడగండి. మోయగల బరువు ఎంత అని కూడా అడగండి. యూరప్ నిబంధనల ప్రకారం తయారైన పడవ మీద ఒక పలక ఉంటుంది. ఎంతమంది ఎక్కొచ్చు, గరిష్ఠ బరువెంత, ఎలాంటి సముద్రానికి పనికొస్తుందో చెప్పే కేటగిరీ ఏమిటి అన్నది దాని మీదే ఉంటుంది. కేటగిరీ బి అంటే గాలి బలాన్ని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 8 వరకు, అలల ఎత్తు 4 మీటర్ల వరకు తట్టుకునేలా డిజైన్ చేసినట్టు. సి అంటే బ్యూఫోర్ట్ 6, 2 మీటర్లు. కేటగిరీ 'ఏ' అంటే బి హద్దులు దాటిన సముద్రానికి కూడా. తీరం వెంబడి, దీవుల మధ్య తిరిగే మీకు బి సరిపోతుంది. కానీ ఆ అక్షరం పడవ బలం గురించి చెబుతుందే తప్ప, దాంట్లో ఉన్నవాళ్ల నైపుణ్యం గురించి కాదు. బి పడవైనా మీరు మొదటి ఏడాది బ్యూఫోర్ట్ 4 దాటిన రోజున బయల్దేరకపోతేనే మంచిది.

"కేటమరాన్ తిరగబడితే?" అని మీకు తప్పకుండా అనిపించి ఉంటుంది. తెరచాప లేని పవర్ కేటమరాన్ గాలికి తిరగబడే అవకాశం చాలా తక్కువ. ప్రమాదమల్లా పక్క నుంచి వచ్చి విరిగి పడే పెద్ద అలలతోనే. నది మొగల దగ్గర, ఇసుక మేటల మీద అవి లేస్తాయి. పాటు వేళ నీరు బయటికి పోతూ, గాలి ఎదురుగా లోపలికి వీస్తుంటే అక్కడికి వెళ్లకూడదు. పోటు వచ్చేదాకా ఆగాలి. ఇది అనుభవం మీద కాదు, తొలిరోజే తెలియాల్సిన సంగతి.

ఇప్పుడు వెడల్పు. 40 నుంచి 45 అడుగుల పవర్ కేటమరాన్ల వెడల్పు ఎక్కువగా 20 అడుగులు దాటుతుంది. అదే పొడవున్న ఒకే హల్ పడవ 13 నుంచి 15 అడుగులు. మరీనాల్లో, అంటే పడవలు అద్దెకు కట్టి ఉంచే రేవుల్లో, మామూలు చోట్లు రెండోదానికి సరిపోయేలా కట్టినవి. మీకు దొరికేది జెట్టీ చివర చోటు, లేదా రెండు చోట్ల అద్దె. మరమ్మతుకు పడవను నీళ్లలోంచి ఎత్తాలన్నా అంత వెడల్పును మోసే లిఫ్ట్ అన్ని యార్డుల్లో ఉండదు. పడవ ఎంచుకోవడానికి ముందే, దాన్ని ఉంచబోయే మరీనాకూ దగ్గరి యార్డుకూ ఫోన్ చేసి ఎంత వెడల్పు తీసుకోగలరో కనుక్కోండి. మీ దారిలో వంతెనలుంటే ఎత్తు కూడా. అమెరికా తూర్పు భాగాన్ని నదులు, కాలువలు, సముద్రం మీదుగా చుట్టి వచ్చే గ్రేట్ లూప్ దారిలో ఒకచోట కదలని వంతెన కింద సుమారు 19 అడుగులున్నర ఖాళీయే ఉంది. మేడ మీద పైకప్పు ఉన్న పడవ కొనేముందు ఆ దారి మీద తిరగాలనుకునేవాళ్లంతా మొదట చూసుకునే అంకె అది.

వేగం విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 17, 18 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు) వెళ్తుందని చెబుతారు, వెళ్తుంది కూడా. కానీ 7, 8 నాట్లతో పోలిస్తే మైలుకు పట్టే డీజిల్ రెండింతలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. నెలల తరబడి తిరిగేవాళ్లు చివరికి మెల్లగా పోవడానికే అలవాటు పడతారు. వేగం అనేది వాన మబ్బు కమ్ముకొస్తున్నప్పుడు చీకటి పడకముందే లంగరు వేయడానికి దాచుకునే సదుపాయం. డీజిల్‌లో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు ముట్టుకోకుండా. ఈ పాత లెక్కను మార్చకండి.

ఇంజిన్ల గురించి చెప్పేటప్పుడు నేను హార్స్‌పవర్ కంటే ముందు అడిగేది, చెయ్యి పడుతుందా అని. కేటమరాన్ హల్‌లు ఇరుకు. కొన్ని మోడళ్లలో ఇంజిన్ వెనక పడకగది మంచం కిందే ఉంటుంది. పరుపు తీసి, పలక లేపి దిగాలి. సముద్రపు నీటిని లాగి ఇంజిన్‌ను చల్లబరిచే పంపులో ఇంపెల్లర్ అని రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. అది అరిగి చిట్లితే నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కుతుంది. పంపు మూతకు ఉండే నాలుగైదు స్క్రూలు మీ చేతికి అందుతున్నాయా, స్క్రూడ్రైవర్ తిరిగేంత జాగా ఉందా, పడవ చూసేటప్పుడు మీరే ఒంగి చెయ్యి పెట్టి చూడండి. నీటి జల్లెడ, డీజిల్ ఫిల్టర్ కూడా అంతే. అందుబాటులో ఉన్న వాటినే మనం రోజూ చూస్తాం, అందనివాటిని వదిలేస్తాం. అలా వదిలేసినవే నడిసముద్రంలో మొరాయిస్తాయి. రెండు ఇంజిన్లంటే రెండు పంపులు, రెండు గేర్‌బాక్సులు, ఫిల్టర్లు అన్నీ రెండేసి. ఖర్చు కూడా అంతే, మర్చిపోకండి.

ఇంజిన్ పొగలో ఉండే, వాసన తెలియని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారాలు ప్రతి పడకగదిలోనూ ఉండాలి. జనరేటర్ నడుస్తున్నప్పుడు పొగగొట్టం దగ్గర ఎవరూ ఈదకూడదు, ముఖ్యంగా పిల్లలు. ఈ విషయంలో బేరాల్లేవు.

ఇక అసలు సలహా. కొనకముందు అద్దెకు తీసుకోండి. బహామాస్, వర్జిన్ ఐలాండ్స్ లాంటి చోట్ల పవర్ కేటమరాన్లను వారాల లెక్కన ఇస్తారు. మొదటి రెండు మూడు రోజులు నేర్పే కెప్టెన్‌ను తీసుకోండి. మీవారు ఒకసారి జెట్టీకి కడితే మరుసటిసారి మీరు కట్టాలి. మీ చేతిలో లీవర్లుంటే ఆయన చేతిలో తాడు ఉండాలి. చెవులకు హెడ్‌సెట్లు పెట్టుకోండి. పడవ రెండు చివరల నుంచి అరుచుకోవడంతోనే చాలా జంటలకు పడవంటే విరక్తి వస్తుంది, మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగితే సగం టెన్షన్ పోతుంది. లంగరు కూడా ఇద్దరూ వేసి చూడండి. అడుగున 4 మీటర్ల లోతు, పోటుకు పెరిగేది 1 మీటరు, నీటి నుంచి పడవ ముక్కు వరకు ఒకటిన్నర. మొత్తం ఆరున్నర. దానికి ఐదు రెట్లు అంటే 32 మీటర్ల పైన గొలుసు వదలాలి, గాలి పెరిగేలా ఉంటే ఏడు రెట్లు. గొలుసు వదిలాక రెండు హల్‌ల ముక్కుల నుంచి తాళ్లు కట్టి బ్రైడిల్ వేస్తేనే కేటమరాన్ అటూఇటూ తూగకుండా నిలుస్తుంది.

మొదటి వారం 36, 38 అడుగుల పడవ మీద, రెండోసారి 44 అడుగులదాని మీద చేయండి. వీలైతే రెండోది గాలి ఎక్కువుండే నెలలో. అప్పుడు అల బ్రిడ్జ్‌డెక్‌కు కొడితే ఎలా ఉంటుందో, పక్క అలల్లో కేటమరాన్ ఎలా చురుగ్గా కుదుపుతుందో మీ ఒంటికి తెలుస్తుంది. అది కొందరికి పడదు. కొన్నాక తెలియడం కంటే ముందు తెలియడం మేలు.

దానికి ముందో వెనకో ఇద్దరూ కోర్సు చేయండి. బ్రిటన్‌కు చెందిన రాయల్ యాటింగ్ అసోసియేషన్ పవర్‌బోట్ లెవెల్ 2, తర్వాత మోటారు పడవల మీద డే స్కిప్పర్ కోర్సు బాగుంటాయి. 1972 నాటి సముద్ర నిబంధనలు, అంటే ఎవరు దారివ్వాలి, ఏ లైటు చూస్తే ఏమనుకోవాలి అన్నవి ఇద్దరికీ నోటికి రావాలి. పడవల్లో వాడే వీహెచ్ఎఫ్ రేడియోలో, సాయం కోసం పిలిచే 16వ ఛానెల్‌లో ఎలా పిలవాలో, ఆపదలో ఎర్ర బటన్ ఎలా నొక్కాలో కూడా.

సైజు విషయంలో అడిగారు కాబట్టి నా మొగ్గు చెబుతాను. ఇద్దరే ఉండి, అప్పుడప్పుడూ పిల్లలు వచ్చి పోయే ఇంటికి 36 నుంచి 40 అడుగులు చాలు. మూడో, నాలుగో క్యాబిన్ ఏడాదిలో రెండు వారాలు వాడతారు, దాని బరువు, వెడల్పు, అద్దె ఏడాదంతా మోస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన ఫౌంటెయిన్ పజో, దక్షిణాఫ్రికాలో తయారయ్యే లెపర్డ్, చైనాలో కట్టే అక్విలా, మూడింటిలోనూ ఈ పరిధికి దగ్గర్లో మోడళ్లున్నాయి. కెనడాలో ఒకప్పుడు కట్టిన పీడీక్యూ 34 వెడల్పు 17 అడుగుల లోపే. కొత్తవి రావు, వాడినవే దొరకాలి, కానీ దొరికితే ఒక జంటకు హాయిగా సరిపోతుంది.

కొత్తదా, వాడినదా అంటే, తొలి పడవ వాడినదే తీసుకోండి. మీకు ఏం కావాలో మొదటి రెండు సీజన్లలోనే తెలుస్తుంది, అప్పటిదాకా కొత్త పడవ ధర తరుగు మీరెందుకు భరించాలి? అద్దెలకు తిరిగి వచ్చిన పడవల్లో ఇంజిన్ గంటలు ఎక్కువుంటాయి. అది దానికదే తప్పు కాదు, సర్వీసు రికార్డు సరిగ్గా ఉంటే. గంటలు తక్కువుండి ఏళ్ల తరబడి కదలకుండా పడున్న పడవనే నేను ఎక్కువ అనుమానంగా చూస్తాను.

కొనేముందు పడవను పరీక్షించే నిపుణుణ్ని, అంటే సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవాళ్లు చూపించినవాళ్లను వద్దు. కేటమరాన్లు బాగా తెలిసినవాళ్లై ఉండాలి. పడవను నీళ్లలోంచి ఎత్తి చూడాలి, డెక్‌లో తేమ కొలవాలి. రెండు హల్‌లు బ్రిడ్జ్‌డెక్‌తో కలిసే చోట, లోపలి అడ్డగోడలు హల్‌కు అతికిన చోట పగుళ్లున్నాయేమో వెతకాలి, ఎందుకంటే అలల్లో రెండు హల్‌లూ చెరోవైపు మెలిపడినప్పుడు ఆ భారమంతా పడేది అక్కడే. ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కు పంపాలి. సీ ట్రయల్‌లో, అంటే కొనేముందు సముద్రంలో నడిపి చూసేటప్పుడు, ట్యాంకులు నిండుగా ఉండాలి. ఫుల్ థ్రాటిల్ ఇస్తే ఇంజిన్ దాని మీద రాసిన ఆర్‌పీఎంకు చేరాలి. చేరలేదంటే పడవ బరువెక్కిందో, ప్రొపెల్లర్ తప్పో, అడుగున నాచు పట్టిందో, ఇంజిన్‌కే జబ్బో తేల్చమనండి. ఆరోజు స్టీరింగ్ దగ్గర కాసేపు మీరు కూడా నిలబడండి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందే ఇన్సూరెన్స్ వాళ్లను అడగండి. అనుభవం లేనివాళ్లకు ఈ సైజు పడవ అంటే కొన్ని కంపెనీలు కాదంటాయి, కొన్ని ఫలానా గంటలు లైసెన్సున్న కెప్టెన్‌తో నడిపి సంతకం తెచ్చుకోమంటాయి. తుపాన్ల కాలంలో పడవ ఎక్కడుంచాలో కూడా షరతు పెడతాయి. కరీబియన్, ఫ్లోరిడా వైపు ఆ కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. మీ ఇద్దరి పేర్లూ పాలసీలో నడిపేవాళ్లుగా ఉండేలా రాయించండి. ఆ షరతులు కాగితం మీద చేతికొచ్చాకే అడ్వాన్స్ మాట. అది కూడా సర్వేలో గానీ, సీ ట్రయల్‌లో గానీ మీకు నచ్చకపోతే పూర్తిగా వెనక్కి ఇచ్చేలా అగ్రిమెంటులో ఉంటేనే కట్టండి.